పోర్ట్రెయిట్, క్లోజప్ ఫోటోగ్రఫీ: ఏ లెన్స్ అని అడిగే ముందు ఎంత దూరం అని అడగండి

కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్స్‌తో కొన్నాళ్లు తీశాక చాలామందికి రెండు కోరికలు ఒకేసారి పుడతాయి. ఒకటి, మనుషుల ముఖాలు బాగా తీయాలి, వెనకంతా మెత్తగా మసకబారాలి. రెండోది, పువ్వులో పుప్పొడి, తూనీగ కన్ను, ఉంగరం మీద చెక్కడం లాంటివి ఫ్రేము నిండా రావాలి. ఏ లెన్స్ కొనాలని అడిగితే ఒకరు 50 ఎంఎం అంటారు, ఇంకొకరు 85 అంటారు (ఇవి లెన్స్ ఫోకల్ లెంగ్త్‌లు, నంబరు పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది), మూడో ఆయన మాక్రో (చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్స్) కొనెయ్యండి, ఒక్కదాంతో రెండూ అయిపోతాయంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కానీ ఆ ముగ్గురూ మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు తీసేదానికి ఎంత దూరంలో ఉండబోతున్నారు? అది తేలితే లెన్స్ ఏది, లైటు ఏది, ట్రైపాడ్ కావాలా వద్దా అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముఖం దగ్గర దూరం చేసే పని

ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. 18-55 కిట్ లెన్స్‌ని 55 దగ్గర పెట్టి, ఎవరినైనా కూర్చోబెట్టి, తలా భుజాలూ ఫ్రేములో పట్టేంత దూరం నుంచి ఒక ఫోటో తీయండి. ఇప్పుడు 18కి తిప్పి, ముఖం మళ్లీ అంతే సైజులో కనిపించేదాకా దగ్గరికి నడిచి ఇంకోటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండో ఫోటోలో ముక్కు ముందుకొచ్చి ఉంటుంది, నుదురు ఉబ్బినట్టుంటుంది, చెవులు చెంపల వెనక్కి జారి సగమే కనిపిస్తాయి. మనిషి అదే, లైటూ అదే. వైడ్ లెన్స్ ముఖాన్ని పాడుచేస్తుందని అందరూ అంటారు గానీ ఇందులో లెన్స్ తప్పేమీ లేదు, మీరు దగ్గరికి వెళ్లారు, అంతే. కెమెరా ముక్కుకి 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి, చెవి 52 దగ్గర ఉంటుంది, అంటే చెవి ముక్కు కంటే దాదాపు మూడో వంతు దూరం ఎక్కువ. అదే రెండు మీటర్ల నుంచి చూస్తే 200కీ 212కీ తేడా ఏముంది? సెల్ఫీల మీద 2018లో అమెరికాలో ఒక వైద్య పత్రిక అచ్చువేసిన లెక్క కూడా ఇదే చెబుతుంది: 12 అంగుళాల నుంచి తీస్తే ముక్కు వెడల్పు, 5 అడుగుల నుంచి తీసినప్పటికంటే సుమారు 30 శాతం ఎక్కువ కనిపిస్తుందట.

కాబట్టి పోర్ట్రెయిట్‌కి మొదటి నియమం, ఒకటిన్నర మీటరు నుంచి రెండున్నర మీటర్ల మధ్య నిలబడటం. ఆ దూరం ఖాయం చేసుకున్నాక, అక్కణ్ణుంచి మీకు కావలసినంత మేర ఫ్రేములో పట్టే లెన్స్ ఏదో చూసుకోవాలి. లెన్స్ ఎంపికంటే ఇదే.

50కీ 85కీ మధ్య

ఇక్కడ కెమెరా సెన్సార్ (లోపల బొమ్మని పట్టే చిప్) సైజు చాలా ముఖ్యం, సలహా ఇచ్చేవాళ్లు దీన్నే మర్చిపోతుంటారు. కెమెరాని నిలువుగా పట్టుకుని ఒకటిన్నర మీటరు నుంచి తీస్తున్నామనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ (36 మిల్లీమీటర్ల వెడల్పున్న పెద్ద సెన్సార్) మీద 50 ఎంఎం సుమారు మీటరు ఎత్తు పడుతుంది, అంటే తల నుంచి నడుం కింద దాకా. 85 అయితే 60 సెంటీమీటర్లు, తలా భుజాలూ. అదే క్రాప్ సెన్సార్ (దానికంటే చిన్నది) మీద 50 ఎంఎం 70 సెంటీమీటర్లు పడుతుంది, 85 అయితే 40 సెంటీమీటర్లే, ముఖం తప్ప ఇంకేం పట్టదు. క్రాప్ కెమెరా ఉన్నవాళ్లకి 50 ఎంఎం అసలైన పోర్ట్రెయిట్ లెన్స్ అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. నిలువెత్తు ఫోటో తీయాలంటే క్రాప్ మీద 85తో ఏడు మీటర్లు వెనక్కి వెళ్లాలి, ఇంటి గదుల్లో అంత వెనక్కి జరిగే చోటు ఉండదు. 50తో నాలుగు మీటర్లు చాలు, అదీ కష్టమే గానీ తలుపు దాకా వెళ్తే సరిపోవచ్చు.

మీది ఫుల్ ఫ్రేమ్ అయి, ఎక్కువగా తలా భుజాలే తీస్తారంటే 85 తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. ఫుల్ ఫ్రేమ్ ఉండి మనిషితోపాటు అతని పని, ఇల్లు, చుట్టూ ఉన్న సామాను కూడా చూపించాలంటే 35 గానీ 50 గానీ మేలు. 135, 70-200 లాంటివి ఆరుబయట అందంగా పనిచేస్తాయి, కాకపోతే ఆ దూరం నుంచి మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. కెమెరా ముందు బిగుసుకుపోయే మనిషికి అది ఇంకా టెన్షన్.

ఎఫ్/1.8 (ఎఫ్ నంబరు అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, ఎంత తెరుచుకుందో చెప్పేది; నంబరు తగ్గితే రంధ్రం పెద్దది) కొన్నాం కదా అని ఎప్పుడూ ఎఫ్/1.8 దగ్గరే తీయడం మొదట్లో అందరికీ వచ్చే అలవాటు. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎంతో ఒకటిన్నర మీటరు నుంచి ఎఫ్/1.8 దగ్గర తీస్తే ఫోకస్‌లో ఉండే మందం దాదాపు 3 సెంటీమీటర్లు. ముఖం కొంచెం పక్కకి తిరిగితే దగ్గరి కన్ను షార్ప్‌గా, దూరపు కన్ను మసగ్గా వస్తుంది. ఎఫ్/4కి తెస్తే ఆ మందం 7 సెంటీమీటర్లవుతుంది, రెండు కళ్లూ నిలబడతాయి. మరి వెనకంతా బ్లర్ కావాలి కదా అంటారా? మనిషిని గోడకి ఆనించకుండా మూడు నాలుగు మీటర్లు ముందుకి తీసుకురండి. బ్లర్ అనేది అపర్చర్ ఒక్కదానితో వచ్చేది కాదు, వెనక ఉన్న ఖాళీ కూడా ఇస్తుంది.

క్లోజప్‌కి మాక్రో లెన్సే కావాలా?

చాలాసార్లు అక్కర్లేదు. ఏడు సెంటీమీటర్ల పువ్వు క్రాప్ సెన్సార్ ఫ్రేము నిండా రావాలంటే కావలసిన మాగ్నిఫికేషన్ (సెన్సార్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకి ఎన్నో వంతు అన్నది) 0.33 రెట్లు, ఎందుకంటే ఆ సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. చాలా 18-55 కిట్ లెన్సులు దగ్గరికి పెడితే 0.3 దాటి ఇస్తాయి. అంటే పువ్వులు, వంటల ప్లేట్లు, చేతివేళ్లు, పిల్లల కనురెప్పలు, వీటన్నిటికీ మీ దగ్గరున్న లెన్సే సరిపోవచ్చు. విచిత్రం ఏంటంటే పోర్ట్రెయిట్ కోసం కొనే లెన్సులే ఈ విషయంలో వెనకబడి ఉంటాయి. డీఎస్ఎల్ఆర్ కాలపు 85 ఎంఎం ఎఫ్/1.8లు 80, 85 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కావు, 0.12, 0.13 రెట్ల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి "85 కొంటే క్లోజప్‌లు కూడా బాగా వస్తాయి" అనే మాట నమ్మకండి.

పువ్వు దాటి పుప్పొడికి, ఉంగరం దాటి ఉంగరం మీది రాయికి వెళ్లాలనుకున్నప్పుడే వేరే సామాను అవసరం. అప్పుడు మీ ముందు నాలుగు దారులున్నాయి, నాలుగూ ఒకటి కావు.

ఎక్స్‌టెన్షన్ ట్యూబు అంటే లోపల గాజు లేని ఖాళీ గొట్టం, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగిస్తారు. దీని లెక్క చాలా తేలిక: ట్యూబు పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే అదనపు మాగ్నిఫికేషన్. 25 ఎంఎం ట్యూబు 50 ఎంఎంకి పెడితే సగం రెట్టు కలుస్తుంది. అదే ట్యూబు 100 ఎంఎంకి పెడితే పావు రెట్టే. అంటే ట్యూబులు చిన్న లెన్సులకి మంచి జోడీ. గాజు లేదు కాబట్టి లెన్స్ నాణ్యతకి కొత్తగా అడ్డొచ్చేదేమీ ఉండదు, వెలుతురు మాత్రం తగ్గుతుంది, పైగా ట్యూబు ఉన్నంతసేపు దూరంగా ఉన్నవి ఫోకస్ కావు. కొనేటప్పుడు లోపల ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి, లేకపోతే ఇప్పటి లెన్సుల్లో అపర్చర్ మార్చడం కుదరదు.

క్లోజప్ ఫిల్టర్ దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి. లెన్స్ ముందు బిగించే భూతద్దం లాంటిది, పవర్ డయాప్టర్లలో ఉంటుంది. ప్లస్ 4 అంటే లెన్స్ అనంతం (చాలా దూరం) దగ్గర ఫోకస్‌లో ఉన్నప్పుడు 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది షార్ప్‌గా కనిపిస్తుంది. ఇది 50 ఎంఎం మీద 0.2 రెట్లే ఇస్తుంది, 200 ఎంఎం మీద 0.8 రెట్లు ఇస్తుంది. మీ దగ్గర 55-250, 70-300 లాంటి జూమ్ ఉంటే ట్యూబుల జోలికి పోకుండా ఒక మంచి క్లోజప్ ఫిల్టర్ తీసుకోండి. మంచిది అన్నాను, ఎందుకంటే సెట్టుగా అమ్మే ఒంటి గాజు ఫిల్టర్లతో అంచుల్లో రంగులు చీలిపోయి కనిపిస్తాయి. రెండు గాజులు అతికించి చేసే అక్రోమాట్ రకం అడిగి తీసుకోవాలి. దీనితో వెలుతురు తగ్గదు, పొలంలోనో తోటలోనో క్షణంలో పెట్టుకుని క్షణంలో తీసేయొచ్చు.

రివర్స్ రింగ్ అంటే లెన్స్‌ని తిప్పి ముందు భాగాన్ని కెమెరాకి బిగించడం. అన్నిటికంటే చవక, మాగ్నిఫికేషన్ కూడా బాగా వస్తుంది. అపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ ఇంట్లో ఉంటే తప్పకుండా ప్రయత్నించండి, అది లేకపోతే ఇంత తంటా పడొద్దనే అంటాను.

ఇక అసలైన మాక్రో లెన్స్. ఇది 1:1 ఇస్తుంది, అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 36 మిల్లీమీటర్ల వెడల్పున్న వస్తువు ఫ్రేము నిండా వస్తుంది. పేరులో మాక్రో అని ఉన్నంత మాత్రాన 1:1 అనుకోకండి, సగమే ఇచ్చేవి ఉన్నాయి, జూముల మీద రాసే మాక్రో అన్న మాటైతే చాలాసార్లు పావు రెట్టు దగ్గరే ఆగుతుంది. ఇందులోనూ మళ్లీ దూరమే తేలుస్తుంది. 60 ఎంఎం మాక్రోతో 1:1 దగ్గర లెన్స్ కొసకీ వస్తువుకీ మధ్య పది సెంటీమీటర్లు కూడా మిగలదు. 100 ఎంఎం అయితే 13 నుంచి 15 దాకా, 150, 180లకి 20 సెంటీమీటర్లకి అటూ ఇటూ. నాణేలు, నగలు, ఆకుల ఈనెలు తీసేవాళ్లకి 60 చక్కగా సరిపోతుంది. బతికున్న పురుగుకి మాత్రం ఆ దూరం చాలదు, లెన్స్ నీడ మీద పడగానే ఎగిరిపోతుంది. పురుగులు మీ ఇష్టమైతే 90 నుంచి 105 మధ్యలో తీసుకోండి.

మాక్రో ఒక్కటే కొని పోర్ట్రెయిట్లూ తీయొచ్చా

తీయొచ్చు. మాక్రో లెన్స్ ముఖం మీది ప్రతి గుంటా మచ్చా చూపించేస్తుందని భయపెడతారు. రెండు మీటర్ల నుంచి తీసినప్పుడు ఏ మంచి లెన్సయినా అంతే చూపిస్తుంది, చర్మం గరుకుగా కనిపించేది పక్క నుంచి పడే గట్టి లైటు వల్ల. బ్లర్ సంగతి చూస్తే, వెనక చాలా దూరంగా ఉన్నది ఎంత మసకబారుతుందో అపర్చర్ రంధ్రం వెడల్పు చెబుతుంది, దాన్ని ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగించి తెలుసుకోవచ్చు. 50 ఎఫ్/1.8కి 28 మిల్లీమీటర్లు, 100 ఎఫ్/2.8కి 36, 85 ఎఫ్/1.8కి 47. కాబట్టి ఆరుబయట 100 మాక్రో, 50 ఎఫ్/1.8 కంటే తక్కువేం కాదు. తేడా వచ్చేది వెలుతురు తక్కువున్న గదిలో. అక్కడ ఎఫ్/2.8కీ ఎఫ్/1.8కీ మధ్య ఉన్న ఒకటింపావు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు తేడా) ఐఎస్ఓ మీద, అంటే సెన్సార్ సున్నితత్వం మీద పడుతుంది. ఇంకో చిన్న ఇబ్బంది, మాక్రో లెన్స్ ఫోకస్ ప్రయాణం పొడుగు, ముఖం మీద దొరక్కపోతే ఆ చివర నుంచి ఈ చివరకి వెతుక్కుంటూ పోతుంది. లెన్స్ పక్కన ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే పోర్ట్రెయిట్లప్పుడు దాన్ని దూరం వైపు పెట్టండి, ఈ గొడవ పోతుంది.

దగ్గరికి వెళ్లాక కష్టాలు ఎందుకు పెరుగుతాయి

ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మాక్రో కొన్నవాళ్లు చాలామంది నెల తిరిగేలోపు దాన్ని పక్కన పెట్టేసేది ఇక్కడే. ఫుల్ ఫ్రేమ్ మీద 1:1 దగ్గర ఎఫ్/8కి ఫోకస్‌లో ఉండే మందం సుమారు ఒక మిల్లీమీటరు. ఎఫ్/2.8కి అందులో మూడో వంతు. మీరు ఊపిరి పీలిస్తేనే కెమెరా అంతకంటే ఎక్కువ కదులుతుంది. పోనీ ఎఫ్/16కి పెడదామంటే 1:1 దగ్గర కెమెరాలో కనిపించే నంబరు ఏదైనా సెన్సార్‌కి చేరే వెలుతురు రెట్టింపు ఎఫ్ నంబరుకి సమానం, అంటే అది ఎఫ్/32 లాగా పనిచేస్తుంది, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల ఫోటో అంతా మెత్తబడుతుంది. అందుకే ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఉండి, మందాన్ని తెలివిగా వాడుకోవడం నేర్చుకోవాలి.

ఉదాహరణకి పుల్ల మీద వాలిన తూనీగ. దానికి ఎదురుగా వెళ్తే కళ్లు షార్ప్‌గా వచ్చి ఒళ్లంతా మసకలో కలిసిపోతుంది. అదే మెల్లగా పక్కకి వచ్చి, కెమెరా వెనక స్క్రీను తూనీగ ఒంటికి సమాంతరంగా ఉండేలా నిలబడితే తల నుంచి తోక దాకా ఆ ఒక్క పొరలోకి వచ్చేస్తుంది. అపర్చర్ మార్చకుండానే ఫోటో మారిపోతుంది. ఫోకస్ కోసం ఆటోఫోకస్‌తో కుస్తీ పట్టకండి. మాన్యువల్‌లో మాగ్నిఫికేషన్ ఒకచోట ఖాయం చేసి, మీరే ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతూ, కంటి మీది గళ్లు మెరిసిన క్షణంలో నొక్కండి, వరసగా నాలుగైదు తీయండి. కదలని వస్తువైతే ట్రైపాడ్ మీద పెట్టి ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ చాలా ఫోటోలు తీసి కంప్యూటర్లో కలపొచ్చు. దాన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఇప్పటి కెమెరాలు చాలావాటిలో ఆ వరస ఫోటోలు దానంతటదే తీసే సదుపాయం ఉంది.

పోర్ట్రెయిట్‌లో ట్రైపాడ్ నాకు అడ్డంగానే అనిపిస్తుంది. 1/200 సెకను షట్టర్ స్పీడు, కంటిని పట్టుకునే ఆటోఫోకస్ ఉంటే చాలు, చేతిలో పట్టుకుని మనిషితో పాటు కదలొచ్చు.

కిటికీయా, ఫ్లాషా

ముఖాలకి కిటికీ. మొదటి ఆరు నెలలు ఇంకేం కొనకండి అనే అంటాను. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన మనిషిని మీటరు దూరంలో, కిటికీకి కొంచెం ఏటవాలుగా కూర్చోబెట్టండి. రెండో వైపు చెంప మరీ నల్లగా ఉంటే తెల్ల థర్మోకోల్ షీటు పెట్టండి, అది దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ పలచబడటం కంటికే కనిపిస్తుంది. మనిషిని కిటికీ నుంచి వెనక్కి జరిపే కొద్దీ వెలుతురు త్వరత్వరగా తగ్గిపోతుంది, మెత్తదనం కూడా పోతుంది, ఎందుకంటే అంత దూరం నుంచి చూస్తే కిటికీ చిన్నదైపోయింది. లైటు ఎంత మెత్తగా పడుతుందో తేల్చేది, తీసే వస్తువు దగ్గర నుంచి చూస్తే ఆ లైటు ఎంత పెద్దగా ఉందన్నదే.

ఈ ఒక్క సూత్రం క్లోజప్‌లో మీకు భలే కలిసొస్తుంది. ముఖానికి మెత్తటి లైటు కావాలంటే మనిషంత సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు తెల్ల గుడ్డ ఉన్న పెట్టె) కావాలి, ఈగకి మాత్రం ఒక ఏ4 కాగితమంత డిఫ్యూజర్ (వెలుతురుని చెదరగొట్టే తెల్ల తెర) దగ్గరగా పెడితే ఆకాశమంత లైటు. అందుకే పురుగులకి కిటికీ కంటే చిన్న ఫ్లాష్, దాని ముందు తెల్ల డిఫ్యూజర్ మేలు. కెమెరా మాన్యువల్, ఎఫ్/11, 1/200, ఐఎస్ఓ 200 దగ్గర మొదలుపెట్టండి. తక్కువ పవర్లో ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు కాబట్టి చెయ్యి వణికినా, గాలికి కొమ్మ ఊగినా ఫోటో నిలబడుతుంది. పువ్వులకీ వస్తువులకీ మళ్లీ కిటికీయే మంచిది, వాటికి తొందరేం లేదు.

గుండ్రటి రింగ్ లైట్ రెండింటికీ పనికొస్తుందని అమ్ముతారు. పనికొస్తుంది గానీ నీడలన్నీ చెరిపేస్తుంది, ముఖం బల్లపరుపుగా కనిపిస్తుంది, కళ్లలో తెల్ల చక్రం పడుతుంది. నీడ ఎక్కడ పడాలో నేర్చుకోవాల్సిన దశలో నీడే లేని లైటు కొనడం నాకు ఇష్టం లేదు.

ఫోన్ మాత్రమే ఉంటే

ఫోన్‌లో మామూలు కెమెరా వైడ్, అందుకే ముఖం దగ్గరికి వెళ్లకండి. 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టుకుని ఒకటిన్నర మీటరు వెనక్కి వెళ్లండి. పోర్ట్రెయిట్ మోడ్ బ్లర్ సాఫ్ట్‌వేర్ వేసేది, జుట్టు అంచుల్లో, కళ్లద్దాల దగ్గర తప్పులు చేస్తుంది, అక్కడ పెద్దది చేసి చూసుకోండి. మాక్రో మోడ్ చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరాతో పనిచేస్తుంది, రెండు మూడు సెంటీమీటర్లలోకి వెళ్లాలి, ఫోన్ నీడే వస్తువు మీద పడుతుంది. లైటు పక్క నుంచి వచ్చేలా నిలబడితే కొంత నయం.

ఎవరికి ఏది

క్రాప్ కెమెరా, కిట్ లెన్స్ ఉండి రెండూ నేర్చుకోవాలని ఉన్నవాళ్లు 50 ఎంఎం ఎఫ్/1.8, ఎలక్ట్రానిక్ కాంటాక్టులున్న ఒక ట్యూబుల సెట్టు తీసుకోండి. తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి జోడీ నాకు తెలిసి లేదు. ముఖాలే తీస్తాం, పువ్వులు ఎప్పుడో ఒకసారి అంటే ట్యూబులు కూడా వద్దు, కిట్ లెన్సే ఆ పని చేస్తుంది. పురుగులంటే ప్రాణం, మనుషులు అప్పుడప్పుడూ అయితే 90, 100, 105లలో ఒక మాక్రో, దాంతోపాటు ఫ్లాష్. రెండూ కొనే డబ్బు లేకపోతే ముందు ఫ్లాష్, ట్యూబు కొనండి, మాక్రో తర్వాత. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లలో డబ్బు తీసుకుని పోర్ట్రెయిట్లు తీయాలనుకునేవాళ్లు 85తో మొదలుపెట్టండి.

నేర్చుకునే వరస విషయంలో నా ఓటు క్లోజప్‌కే ముందు, అదీ కదలని వస్తువులతో. ఒక ఉల్లిపాయో, గడియారమో కిటికీ దగ్గర గంటసేపు పెట్టి లైటు నాలుగు వైపుల నుంచీ చూడొచ్చు, అది విసుక్కోదు, ఇంకెంతసేపు అని అడగదు. అక్కడ నీడ సంగతి చేతికి వచ్చాక మనిషిని కూర్చోబెడితే మీ ధ్యాసంతా అతని ముఖం మీద, మాటల మీద పెట్టగలుగుతారు. డబ్బు కట్టి నేర్చుకోవాలంటే పోర్ట్రెయిట్‌కే కట్టండి. మనిషిని ఎలా నిలబెట్టాలి, ఏం మాట్లాడాలి అన్నవి పక్కన ఒకరుండి చూపిస్తే త్వరగా వస్తాయి. క్లోజప్ మాత్రం వీడియోలు చూసి సొంతంగా ఎక్కువసేపు తీస్తేనే వస్తుంది.

మాక్రో లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి వెనకాడొద్దు, దగ్గరి పనికి ఎలాగూ మాన్యువల్ ఫోకస్సే కాబట్టి పాతదైనా పర్వాలేదు. కొనే ముందు అపర్చర్ పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి వేసి చూడండి. గాజు మీద సన్నటి దారాల్లా అల్లుకున్నది కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇస్తానన్నా వదిలేయండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు మాత్రం ఫోటోలో కనిపించవు, వాటిని చూపించి ధర తగ్గించమనండి.